అమ్మ ఎడమ కన్ను

కావలి

ఒరేయ్ శీనా,

మొన్న ఫోన్‌లో అమ్మ సంగతి సగంలోనే ఆపేశాను. మీ చెల్లెలు నుదుటి గీతలకి బొటాక్స్ వేయించుకుంటానంటోందని నువ్వన్నప్పటి నుంచి అంతా చెప్పాలనిపిస్తోంది.

మూడేళ్ల కిందట అమ్మకి ఎడమ కన్ను అదరడం మొదలైంది. ఆడవాళ్లకి ఎడమ కన్ను అదిరితే మంచిదని వీధిలో అందరూ అన్నారు, మేమూ నమ్మాం. నెలలు గడిచేకొద్దీ అది చెంపకి దిగింది, నోటి మూలని కూడా పక్కకి లాగసాగింది. కూరగాయల కొట్లో ఒకడు తనకే కన్ను కొడుతోందనుకుని నవ్వాడట. ఇంటికొచ్చి ఏడ్చిందిరా. ఆ తర్వాత పెళ్లిళ్లు, పేరంటాలు మానేసింది. ఎవరొచ్చినా కొంగు చెంపకి అడ్డం. పక్షవాతమేమోనని నాకు ఒకటే టెన్షన్.

నెల్లూరులో నరాల డాక్టర్ ఎంఆర్ఐ తీయించారు. పక్షవాతం కాదట. మెదడు దగ్గర ఒక రక్తనాళం ముఖానికొచ్చే నరాన్ని ఒత్తుతోందట. ఆపరేషన్‌తో ఆ రెంటినీ ఎడం చేయొచ్చన్నారు, అమ్మ వద్దంది. అయితే బొటాక్స్ అన్నారు. అది సినిమావాళ్ల మందు కదా అన్నాను. కాదురా, 1970ల్లో అమెరికాలో అలాన్ స్కాట్ అనే కంటి డాక్టర్ మెల్లకన్ను కోసం వాడి చూసిన మందది. 1989లో అక్కడ అనుమతి వచ్చింది కూడా మెల్లకన్నుకి, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకి. కెనడాలో జీన్ కారుథర్స్ అనే కంటి డాక్టరమ్మ ఆ రెప్పల జబ్బుకి సూదులు వేస్తుంటే, కనుబొమల మధ్య గీతలు పోవడం కనబడింది. ముడతల సంగతి అక్కడ బయటపడింది. దానికి అమెరికాలో అనుమతి 2002లో గానీ రాలేదు.

నిజానికి అది విషం. పాడైన తిండిలో పెరిగే బ్యాక్టీరియాది. చాలా కొంచెం మోతాదులో ఇస్తే నరం నుంచి కండకి వెళ్లే కబురు ఆగిపోతుంది, కండ సడలుతుంది. మూడు నాలుగు నెలలకి నరం మళ్లీ దారి చేసుకుంటుంది, మళ్లీ వేయించాలి.

అమ్మకి సన్నటి సూదితో కంటి చుట్టూ, చెంప మీద పొడిచారు. నాలుగో రోజు పొద్దున కాఫీ తాగుతుంటే చెంప కదల్లేదు. నేను చూస్తూ నిలబడిపోయాను. రెండోసారి మాత్రం రెప్ప వాలిపోయి మూడు వారాలు అలాగే ఉంది. మందు పక్క కండకి పాకితే అలా అవుతుందట, దానంతట అదే సర్దుకుంది. కానీ ఆ మూడు వారాలూ మాకు నిద్ర లేదు.

అందుకే చెబుతున్నా, చెల్లెలు వేయించుకుంటే వేయించుకోనీ, తప్పని నేననను. పార్లర్‌లో చవగ్గా వేస్తారంటే మాత్రం పంపొద్దు. ఏ కండ ఎక్కడుందో తెలిసిన డాక్టర్ చేతే వేయించు. గర్భం ఉన్నా, కండరాల నీరసం జబ్బు ఉన్నా ముందే చెప్పమను.

వచ్చే నెల అమ్మకి మళ్లీ సూది. ఈలోగా ఒక ఆదివారం ఒంగోలు నుంచి రా. చేపల పులుసు పెడతానంటోంది. కొంగు అడ్డం పెట్టుకోకుండా నీతో మాట్లాడుతుంది, చూద్దువుగాని.

నీ
రమణ