పిల్లలకు ఫిట్స్ ఉంటే మాకు చెప్పండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సు వేళలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మొత్తం ఒక్క విషయానికే పెట్టుకున్నాను.

మన అడ్మిషన్ ఫారంలో ఆరోగ్య సమస్యల గడి ఒకటి ఉంది. ఆస్తమా ఉంటే అందులో రాస్తారు, చెనక్కాయలు పడవంటే రాస్తారు. ఫిట్స్ ఉంటే మాత్రం ‘ఏమీ లేవు’ అని రాసేస్తారు. ఎందుకో నాకు తెలుసు. ఆడపిల్లయితే రేపు సంబంధాలు రావేమోనని భయం. మగపిల్లాడయితే తోటి పిలకాయలు ఎగతాళి చేస్తారని దిగులు.

ఫిట్స్ వచ్చే మూర్ఛ జబ్బు దిష్టి వల్లో గాలి సోకడం వల్లో రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మెదడులోని కణాలు సన్నటి విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. కొన్ని కణాలు అదుపు తప్పి ఒకేసారి రేగితే వచ్చేదే ఫిట్స్. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని, సరైన వైద్యం అందితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ రాకుండా చూడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెళ్లి మాటకొస్తే, హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా ఉన్న మూర్ఛను 1999లోనే తీసేశారు. మన వీధుల్లోనే ఇంకా తీసేయలేదు.

ఆ మధ్య ప్రార్థన వేళ ఒక పాప లైన్లోనే పడిపోయింది. ఆయమ్మ బీరువా తాళాలగుత్తితో పరుగెత్తుకొచ్చింది. ఇంకొకరు ఉల్లిపాయ కోసం వంటగదికి పోయారు. తాళాలు చేతిలో పెట్టగానే ఫిట్స్ ఆగిందని చాలామంది ప్రమాణం చేసి చెబుతారు. చాలాసార్లు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే ఆగిపోతుంది. పేరు మాత్రం తాళాలకు వస్తుంది.

చేయాల్సింది వేరే. చుట్టూ మూగిన వాళ్లను పంపేయాలి, తల కింద మెత్తటిదేదైనా పెట్టాలి, టై, కాలరు వదులు చేయాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అలా తిప్పితే నోట్లోని నురగ బయటికి పోతుంది. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టకూడదు. నోట్లో స్పూను, గుడ్డ, నీళ్లు, మాత్ర, ఏదీ పెట్టకూడదు. గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. మొదటిసారి వచ్చిందంటే ఆగిపోయినా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అన్ని ఫిట్సూ కిందపడేసేవి కావు. ఇంకో రకంలో పిల్లలు రాస్తూ రాస్తూ ఆగిపోతారు. చూపు ఒకేచోట నిలిచిపోతుంది, రెప్పలు టపటపలాడతాయి. పది, ఇరవై సెకన్లలో ఏమీ జరగనట్టు మళ్లీ రాస్తారు. డిక్టేషన్ నోటుబుక్కు తీసి చూడండి, వాక్యం మధ్యలో రెండు మూడు మాటలు ఎగిరిపోయి ఉంటాయి. దీన్ని పరధ్యానం అనుకుని ఇంట్లో మీరు, బడిలో మేము తిట్టే ప్రమాదం ఉంది. పిలిచినా, భుజం తట్టినా పలకకపోతే న్యూరాలజీ (మెదడు, నరాల) డాక్టరుకు చూపించండి. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే ఈఈజీ పరీక్షలో నొప్పి ఉండదు.

మందులు మొదలుపెట్టాక పూట తప్పించకండి. తగ్గింది కదా అని సొంతంగా ఆపేయడం మరీ ప్రమాదం. నిద్ర చాలకపోయినా కొందరికి ఫిట్స్ తిరగబెడుతుంది. మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. బ్రహ్మోత్సవాల్లో రాత్రి వాహన సేవ చూసి ఇంటికి చేరేసరికి ఏ వేళవుతుందో మీకు తెలుసు. గంగమ్మ జాతరా అంతే. వెళ్లొద్దనను. మాత్ర వేళకు వేయండి, మర్నాడు బడికి ఆలస్యమైనా సరే నిద్రపోనివ్వండి. అలిపిరి మెట్లూ ఎక్కవచ్చు, పక్కన పెద్దవాళ్లుండాలి.

మన దేశంలో ఫిట్స్‌కు ఇంకో కారణం పంది మాంసంతో వస్తుందని పేరున్న బద్దెపురుగు (టేప్‌వార్మ్). దాని గుడ్లు కడుపులోకి పోతే పురుగు పిల్లలు మెదడులో గూడు కట్టుకుంటాయి. పంది మాంసం ముట్టని ఇళ్లకూ ఇది రావచ్చు, ఎందుకంటే గుడ్లు వచ్చేది మురికి చేతుల నుంచి, సరిగా కడగని కొత్తిమీర, క్యారెట్ల నుంచి. అందుకే భోజనం గంట కొట్టగానే సబ్బుతో చేతులు కడిగించడం మీద ఇంత పట్టుబడుతున్నాం.

  

ఫిట్స్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు డాక్టరు చీటీ జిరాక్సు, మాత్రల వేళలు కవరులో పెట్టి శనివారంలోగా నా చేతికే ఇవ్వండి. క్లాస్ టీచరు, డ్రిల్ మాస్టారు, బస్సు ఆయమ్మ తప్ప ఇంకెవరికీ తెలియదు. మీరు చెప్పినంత మాత్రాన తలకోన టూరు నుంచి ఏ పిల్లనూ తీసేయం. జలపాతం దగ్గర నీళ్లలోకి దిగేటప్పుడు మాత్రం పక్కన ఒక టీచరును పెడతాం. ఎవరి పక్కన పెట్టాలో మాకు తెలియాలి కదా.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు
తిరుపతి