జైసల్మేర్ టూర్‌లో రెండో రోజు ఎగ్గొట్టినందుకు ఫిర్యాదు

కర్నూలు

మేనేజర్ గారికి,

విషయం: ప్రోగ్రాంలో రాసిన రెండు చోట్లు చూపించకపోవడం, ఆ రోజు డబ్బు వాపసు గురించి.

నమస్కారం. గత జనవరిలో నేను, మా నాయన, మా అబ్బాయి మీ కంపెనీ ద్వారా జైసల్మేర్ వెళ్ళొచ్చాం. మూడు రోజుల ప్యాకేజీకి మనిషికి 18,500 చొప్పున 55,500 రూపాయలు ముందే కట్టాను. మీరు వాట్సాప్‌లో పంపిన ప్రోగ్రాంలో రెండో రోజు ఉదయం డెజర్ట్ నేషనల్ పార్కులోని సుదాసరి, మధ్యాహ్నం ఆకల్ శిలాజ వనం, సాయంత్రం సమ్ ఇసుక తిన్నెలు అని ఉంది. మొదటి రెండింటికీ మమ్మల్ని తీసుకెళ్ళనే లేదు.

మొదటి రోజు గురించి ఏ ఫిర్యాదూ లేదు. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోటలో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. ఆ సందుల్లో మా నాయన చెయ్యి పట్టుకుని నిదానంగా తిప్పిన గైడుకు నా కృతజ్ఞతలు చెప్పండి.

మేము అంత దూరం వచ్చింది మాత్రం రెండో రోజు కోసమే. మా నాయనకు 74 ఏళ్ళు, సొంతూరు నందికొట్కూరు దగ్గర. చిన్నప్పుడు రోళ్ళపాడు బీళ్ళలో, జొన్న చేలలో బట్టమేక పిట్టలు తిరుగుతుంటే కళ్ళారా చూసిన మనిషి. మీటరు ఎత్తుండే పిట్ట, నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ మామూలుగా ఒక్కటే. దాని కోసమే 1988లో రోళ్ళపాడును అభయారణ్యం చేశారు. అయినా బీళ్ళు సేద్యంలోకి పోయాయి, ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడడమే గగనం. దేశంలో మిగిలిన కొద్ది పిట్టల్లో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కడ గోడావణ్ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర పక్షి అదే. మీ ప్రోగ్రాంలో సుదాసరి పేరు చూసే ఇంకో కంపెనీని అడక్కుండా మీకు డబ్బు కట్టాను.

ఆ రోజు పొద్దున ఆరింటికే మా నాయన స్వెటర్ వేసుకుని, బైనాక్యులర్‌ను టవలులో చుట్టుకుని లాబీలో కూర్చున్నాడు. మీ డ్రైవరు తొమ్మిదిన్నరకు వచ్చాడు. పార్కుకు పర్మిషన్ ఆఫీసు వాళ్ళు తీసుకోలేదని చెప్పి, నేరుగా ఒక దుప్పట్ల షాపుకు, అక్కడి నుంచి ఇంకో షాపుకు తీసుకెళ్ళాడు. రెండో షాపు బయట మా నాయన కారులోనే రెండు గంటలు కూర్చున్నాడు. ఆ టవలు ముడి విప్పలేదు.

ఆకల్ అడిగితే "అక్కడ ఏముంది మేడం, రాళ్ళే" అన్నాడు. అవును, రాళ్ళే. 18 కోట్ల ఏళ్ళ కిందటి చెట్ల మానులు రాళ్ళయి పడున్న చోటు అది. ఇప్పుడు ఎడారైన నేల మీద ఒకప్పుడు అడవి ఉండేదని మా అబ్బాయికి చూపించాలనుకున్నాను. ఊరికి 17 కిలోమీటర్లే, తీసుకెళ్ళడానికి ఏం అడ్డమో ఇప్పటికీ అర్థం కాలేదు. సాయంత్రం సమ్‌లో ఇసుక బాగుంది, క్యాంపులో డీజే మోత మాత్రం భరించలేకపోయాం.

పిట్ట కనబడుతుందని మీరు మాటివ్వలేదు, మేమూ అడగలేదు. అది కనబడకపోయినా ఆ గడ్డి నేల దాకా తీసుకెళ్ళి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. పర్మిషన్ తీసుకోవడం మీ పని. తీసుకోలేదని ముందు రోజే చెప్పి ఉంటే మేమే తిప్పలు పడేవాళ్ళం. ఫోన్ చేస్తే మీ ఆఫీసులో "ప్రోగ్రాం మారవచ్చు అని కింద రాసుంది కదా" అన్నారు. వానొచ్చిందా, దారి మూశారా, ఏ కారణమూ లేకుండా పార్కు బదులు షాపులు పెట్టడాన్ని మార్పు అనరు.

రెండో రోజుకు మా ముగ్గురి వాటా 18,500 రూపాయలు వాపసు ఇవ్వండి. లేదా వచ్చే చలికాలంలో పర్మిషన్ ముందే తీసుకుని మా నాయనను సుదాసరికి తీసుకెళ్ళండి, జోధ్‌పూర్ దాకా రైలు ఖర్చు మేమే పెట్టుకుంటాం. పర్మిషన్ లేని చోట్ల పేర్లు ప్రోగ్రాంలో నుంచి తీసేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే కర్నూలులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే ఊళ్ళోనే ఫిర్యాదు చేయొచ్చు.

మీ ప్రోగ్రాం స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
బుకింగ్ చేసిన కస్టమరు