నీ నవలలో యాష్ అడవి

ఒరేయ్ రవీ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. డ్రాగన్ బాగుంది, యువరాణి ఇంకా బాగుంది. నాకు మింగుడుపడనిది ఆ యాష్ అడవి ఒక్కటే, అదే, ఐరోపాలో పెరిగే యాష్ అనే చెట్ల అడవి. ప్రతి చెట్టూ మెరవడం, మాట్లాడటం, శాపాలు పెట్టడం ఏమిట్రా! అసలు యాష్‌కి ఉన్న గుణాలే వాడుకుంటే నీకు సగం మంత్రాల అవసరం ఉండదు.

ముందు కలప సంగతి. గట్టిదే కానీ పెళుసు కాదు, ఎంత దెబ్బ పడినా ఆ అదురును తట్టుకుంటుంది. అందుకే ఐరోపాలో గొడ్డలి కామలు, తెడ్లు, బండిచక్రాలు దీంతో చేసేవారు. ఈటెలైతే చెప్పక్కర్లేదు. గ్రీకు పురాణాల్లో మహావీరుడు అకిలీస్ పట్టిన ఈటె పీలియన్ కొండ మీది యాష్ కర్రే. కాబట్టి మీ సేనాపతి చేతిలో ఆ యాష్ విల్లు తీసేసి ఈటె పెట్టు. విల్లుల విషయంలో యూ అనే ఇంకో చెట్టు కర్రదే పైచేయి.

నువ్వు వదిలేసిన అసలు కథ ఇక్కడుంది. యాష్‌ని మొదలంటా నరికినా చావదు. మోడు నుంచి నిటారుగా బోలెడు పిలకలు లేస్తాయి. పది, ఇరవై ఏళ్ళు ఆగితే వంకర లేని కర్రలు చేతికొస్తాయి. అంటే రాజుకి ఈటెలు కావాలంటే ఏళ్ళ ముందే అడవి కొట్టించి ఉండాలి. పక్క రాజ్యం గూఢచారి కోటలోకి దూరక్కర్లేదు, సరిహద్దు అడవిలో మోళ్ళు లెక్కపెట్టుకుంటే చాలు! పైగా యాష్ ఆకు పశువులకు మంచి మేత. కాపరులు కొమ్మలు నరుక్కుంటామంటారు, ఆయుధాగారం వాళ్ళు ముట్టనివ్వరు. డ్రాగన్ రాకముందే ఊళ్ళో కొట్లాట సిద్ధం.

ఇంకోటి. పచ్చి యాష్‌లో తేమ తక్కువ, అప్పుడే కొట్టినదైనా మండుతుంది. మీ హీరో అడవిలో చలికి వణుకుతూ నిప్పు మంత్రం చదవక్కర్లేదన్నమాట. కోట ముందు పాతిన యాష్ స్తంభాలు మాత్రం మార్చు, నేల తడికి త్వరగా కుళ్ళిపోతాయి. అక్కడ ఓక్ పెట్టు.

మాయ కావాలా? నార్స్ (పాత స్కాండినేవియా) పురాణాల్లో తొమ్మిది లోకాలను కలిపే ఇగ్‌డ్రాసిల్ యాష్ చెట్టే, కానీ దాన్ని ఇప్పటికే అందరూ అరగదీశారు. నాకు ఇంగ్లండ్ పల్లెల నమ్మకం ఒకటి ఇష్టం. హెర్నియా ఉన్న పసివాళ్ళను నిలువునా చీల్చిన లేత యాష్ చెట్టు మధ్యలోంచి దాటించేవారట. తర్వాత ఆ చీలికకు మట్టి మెత్తి కట్టేసేవారు. చెట్టు అతుక్కుంటే బిడ్డకు నయమైనట్టే. 18వ శతాబ్దంలో గిల్బర్ట్ వైట్ అనే ఇంగ్లండ్ ప్రకృతి పరిశీలకుడు ఈ ఆచారం గురించి రాశాడు. మీ యువరాణిని చిన్నప్పుడు అలా దాటించిన చెట్టు ఒకటి ఉందనుకో. దాన్ని నరికితే ఆమెకు ముప్పే అనుకో, శత్రువుకి ఆ చెట్టు ఎక్కడుందో తెలిసిపోయింది. ఆ టెన్షన్ ఊహించుకో!

ఇక విలన్. 1990ల్లో పోలండ్‌లో యాష్ చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోవడం మొదలైంది. కారణం ఒక శిలీంధ్రం, గాలిలో తేలే దాని బీజాలు ఐరోపా అంతా పాకాయి. కొన్ని చెట్లు మాత్రం తట్టుకుని నిలబడుతున్నాయి. ఈటెల మీద బతికే రాజ్యానికి ఇలాంటి తెగులు సోకితే, ఆ తట్టుకునే చెట్టు విత్తనాల వేటే నీ రెండో భాగం.

సరే, ఆ మోళ్ళు లెక్కపెట్టే గూఢచారి నీకు నచ్చాడో లేదో రాయి. నచ్చకపోతే నాకిచ్చెయ్, నేనే ఓ కథ రాసుకుంటా.

నీ
శేఖర్