శ్రీకాళహస్తిలో నా కలంకారీ గుడ్డ ఉతికిపెట్టిన అక్కకు

రెండు భుజాలూ పైకి లేవడం లేదు. గోళ్ల సందుల్లో ఎరుపు అలాగే ఉంది. ఎంత తోమినా చేతులకు పేడ వాసన ఇంకా కొంచెం వస్తోంది. పడుకుని రేపు తీరిగ్గా రాయొచ్చు. కానీ రేపటికి మనసు సర్దుకుంటుంది, అప్పుడు మర్యాదగా రాస్తాను. మర్యాదగా రాయడం ఇష్టం లేదు. అందుకే ఇప్పుడే.

నన్ను ఎరిగినవాళ్లకు సంగతి తెలుసు. అమ్మ పక్షవాతంతో చాలాకాలం మంచంలో ఉండి పోయింది. వచ్చే నెల సంవత్సరీకం. ఆమె ఉన్నన్నాళ్లూ రాత్రి రెండింటికి లేచి పక్క మార్చేదాన్ని. ఆమె పోయాక కూడా సరిగ్గా ఆ రెండింటికే మెలకువ వచ్చేది, ఇక తెల్లారేదాకా నిద్ర లేదు. ఒంట్లో ఆవిర్లు, గుండెదడ. ఆఫీసులో ఫీజుల లెక్క రాస్తూ రాస్తూ ఏ వరసలో ఉన్నానో మర్చిపోవడం. పెద్దాడు బెంగళూరులో, చిన్నది చెన్నైలో. యాభై దాటిన ఆడదానికి ఏమొచ్చినా 'వయసండీ' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. థైరాయిడ్ బాగుంది, షుగర్ బాగుంది, ఈసీజీ బాగుంది. కాబట్టి నేనూ బాగున్నట్టే!

ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. మొదట మైండ్‌ఫుల్‌నెస్ అన్నారు. కళ్లు మూసుకుని శ్వాసను గమనించమన్నారు. చాలామందికి అది మేలు చేస్తుంది, కాదనను. నాకు మాత్రం శ్వాస మీద ధ్యాస పెట్టగానే అమ్మ చివరి రోజుల ఎగశ్వాస వినబడేది. ఆ మాట చెబితే ఆవిడ పట్టుబట్టలేదు. 'అయితే కళ్లు తెరుచుకునే ఉండండి, చేతులకు పని పెట్టండి, రాత్రి పడుకునే ముందు మూడు వాక్యాలు రాయండి' అన్నారు. అమ్మ పుట్టిల్లు కాళహస్తి పక్కనే. చిన్నప్పుడు సెలవులకు వెళితే అక్కడ వీధి అరుగుల మీద కూర్చుని గుడ్డల మీద బొమ్మలు వేసేవాళ్లను చూసేదాన్ని. చేతులకు పని అనగానే అదే తట్టింది.

అలా సెలవు రోజుల్లో తిరుపతి నుంచి బస్సెక్కి కాళహస్తికి కలంకారీ నేర్చుకోవడానికి పోతున్నాను. మా గురువుగారు తక్కువ మాట్లాడే మనిషి. కలం చేసుకోవడం నుంచి నేర్పించారు. వెదురుపుల్ల చివర చెక్కి, కొంచెం పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగించాలి. ఆ ఉన్ని సిరా పీల్చుకుంటుంది. వేళ్లతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. ఆ నల్ల సిరా పేరు కసిం. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు మురగబెడితే వస్తుంది. గాడా అనే ముతక నూలు గుడ్డను ముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయలో ఉన్న వగరుకు కసిం తగిలితే గీత నల్లబడుతుంది, పాలలోని కొవ్వు ఆ గీతను అటూ ఇటూ పాకనివ్వదు. ఒకసారి గీత పడిందా, ఇక తుడిపేది లేదు. గీస్తున్నంతసేపూ ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. అది ఎవరి ఊపిరో గుర్తు రాదు. ఆ గంటలో నాకు కావాల్సింది అంతే.

రామాయణం, భారతం వేసే ధైర్యం నాకు లేదు. సంవత్సరీకానికి అమ్మ పెరడు వేద్దామనుకున్నాను. పారిజాతం చెట్టు, బావి గిలక, రోలు, ఒక దూడ. చింతబొగ్గుతో గీసుకుని, కసింతో దిద్ది, ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూశాను. అసలు భయం ఇక్కడే. పటిక పూసిన గుడ్డను రంగులో ఉడకబెట్టేముందు, ఎక్కువైన పటిక పోయేలా పారే నీళ్లలో ఉతకాలి. బకెట్లో ముంచితే ఆ పటిక పక్కకు పాకుతుంది, ఉడికాక అక్కడంతా ఎర్ర మరకలు తేలతాయి. కాళహస్తిలో కలంకారీ పుట్టి పెరిగిందే స్వర్ణముఖి ఒడ్డున. ఇప్పుడా నదిలో నీళ్లకన్నా ఇసుక ఎక్కువ రోజులు కనబడుతుంది.

సరిగ్గా ఆ సమయానికి మా గురువుగారికి ఎగ్జిబిషన్ పని పడి ఊరు దాటి వెళ్లాల్సి వచ్చింది. 'బోరు దగ్గర ఉతికేవాళ్లుంటారు, అడుగమ్మా' అని ఫోనులో చెప్పారు. వెళ్లాను. నడుముకు చెంగు దోపుకుని, మోకాళ్ల లోతు కాలవలో నిలబడి, అరవై దాటిన ఒక ఆమె తానులకు తానులు ఉతుకుతోంది. నేనెవరో ఆమెకు తెలియదు. నా గుడ్డ చూపించి, పక్కన కొంచెం చోటిస్తే నేనే ఉతుక్కుంటానన్నాను. ఆమె నా మొహం చూడలేదు, గుడ్డ చూసింది. పటిక ఎక్కడెక్కడ పూశానో వేలితో తడిమి చూసి, 'నువ్వు ఉతికితే ఇది చెడిపోతాది' అని లాక్కుంది.

అందాకా అది మామూలు సాయమే. ఊళ్లలో ఇప్పటికీ అలాంటివాళ్లున్నారు. ఆ తర్వాత జరిగింది రాయడానికే ఇంత రాత్రి మేలుకుని ఉన్నాను.

ఉతకడం అయ్యాక పిండాలి. మూడు గజాల గాడా గుడ్డ నీళ్లు పీల్చుకుంటే ఎంత బరువుంటుందో పట్టుకుంటే గాని తెలియదు. ఆమె ఒక కొస తను పట్టుకుని రెండోది నా మీదికి విసిరింది. 'పట్టుకోమ్మా ఆ కొస. నేనొక్కదాన్నే పిండేదానికి కాదు' అంది. పట్టుకున్నాను. ఆమె అటు తిప్పితే నేను ఇటు తిప్పాలి. పిండాక ఇద్దరం వెనక్కి నడిచి, లాగి, ఒకసారి దులిపి, మళ్లీ ఒకరి దగ్గరికి ఒకరం వచ్చి కొసలు కలపాలి.

ప్రతి ఆదివారం మిద్దె మీద అమ్మా నేనూ అలాగే చీరలు మడతపెట్టేవాళ్లం. ఆమె చెయ్యి పడిపోయాక ఆ పని నేనొక్కదాన్నే కుర్చీ వీపుకు వేసి చేసుకుంటున్నాను. ఆమె పోయిన రోజు నేను ఏడవలేదు. ఏర్పాట్లు చూసుకోవాలి కదా. తర్వాతా ఏడవలేదు. 'గట్టి మనిషి' అని బంధువులంతా మెచ్చుకున్నారు కూడా. కాలవలో నిలబడి, ముక్కూమొహం తెలియని మనిషి చేతికి కొస అందించబోతూ, పెద్దగా, ఊరంతా వినేలా ఏడ్చాను.

ఆమె 'ఏమైంది' అనలేదు. వచ్చి భుజం తట్టలేదు. అటువైపే గట్టిగా నిలబడి ఇంత మాత్రం అంది: 'ఏడిస్తే ఏడువు. కొస మాత్రం ఇడిసిపెట్టొద్దు. మన్నులో పడితే మళ్లీ ఉతకల్ల.'

ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. చేతులు గుడ్డ మీద, కళ్లు ఎటో. ఎండ ఎక్కుతుంటే తన తలగుడ్డ తీసి నా నెత్తిన వేసింది. అంతా అయ్యాక, ఏమీ జరగనట్టు ఒక్కటే అడిగింది: 'ఈ దూడ పేరేంది?' గౌరి అన్నాను. అమ్మ గురించి ఒక్క ముక్క అడగలేదు. గౌరికి పాలు తాగేప్పుడు చెవులు ఆడించే అలవాటని నేను చెప్పుకుపోతుంటే వింటూ తన పని చేసుకుంది.

ఉడకబెట్టడం కూడా ఆమె దగ్గరే. రాగి బానలో ఎరుపునిచ్చే మంజిష్ఠ, సురుడు చెక్క వేసి, కట్టెల మంట మీద, కర్రతో కలియబెడుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే రంగు ఒకచోట ముదిరి ఒకచోట వెలుస్తుంది. గుడ్డంతా ముందు గులాబీ రంగు తిరిగింది. నా గుండె జారింది. 'ఏందమ్మా అట్ల చూస్తావు, తెలుపు తేలుతుందిలే' అంది. నన్ను చివరి బస్సుకు పంపించి, గుడ్డను రాత్రంతా పేడనీళ్లలో నానబెట్టింది. మర్నాడు నేను వెళ్లేసరికే ఒక ఉతుకు ఉతికేసి, ఇసుక మీద పరిచి, ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తోంది. మధ్యాహ్నం దాటేసరికి బొమ్మల వెనకున్న గుడ్డంతా తెల్లబడింది. పటిక పూసిన చోట మాత్రమే ఎరుపు మిగిలింది. పారిజాతం కాడలు ఎర్రగా, అచ్చంగా.

డబ్బులివ్వబోతే, 'నీ గుడ్డ ఒకటి ఎక్కువైతే నాకు నీళ్లు ఎక్కువ పడతాయా?' అని చెయ్యి తోసేసింది. కట్టెల ఖర్చన్నా తీసుకోమంటే కోపం వచ్చింది. చివరికి సంచిలో ఉన్న అరటిపళ్లు తీసుకుంది, అవీ మనవరాలి కోసం.

అక్కా, నీ దగ్గరున్నది బటన్ల ఫోను. ఇది నీదాకా చేరదు. నీ పేరు ఇక్కడ రాయొద్దన్నావు, రాయడం లేదు. వచ్చే వారం వచ్చి ఎదురుగానే చెబుతాను, నువ్వు తిట్టినా సరే.

ఒక మాట అడుగుతాను. కలం పట్టినవాళ్లకు గౌరవం దక్కింది, దక్కాలి కూడా. కాళహస్తికి చెందిన జొన్నలగడ్డ గురప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా అమ్మ ఎంత సంబరపడిందో నాకు గుర్తుంది. మరి ఆ బొమ్మలకు ఎరుపు తేల్చిన చేతుల మాటేమిటి? ఈ అక్కకు కళాకారుల గుర్తింపు కార్డు లేదు. 'నేను బొమ్మలేస్తానా, కార్డు నాకెందుకిస్తారు' అంటుంది. బానలో రంగు ఎప్పుడు ముదిరిందో వాసన పట్టి చెబుతుంది, అది విద్య కాదట. ఇంకోపక్క తిరుపతి దుకాణాల్లో మిషను మీద అచ్చు కొట్టిన గుడ్డను కలంకారీ అని అమ్ముతున్నారు. కాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉండి కూడా!

ఇంకా చెప్పాలంటే, నన్ను ఇక్కడిదాకా తెచ్చిన దారి కూడా సాఫీగా ఏం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒంటి జబ్బుకు ఎలా బీమా ఇస్తారో మనసు జబ్బుకూ అలాగే ఇవ్వాలంటోంది. మా పాలసీ కాగితంలో కూడా ఆ వాక్యం ఉంది. తీరా బిల్లు పెడితే, ఆసుపత్రిలో చేరితేనే ఇస్తామన్నారు. అంటే మంచం పట్టేదాకా ఆగాలన్నమాట. కౌన్సెలింగ్ డబ్బంతా జీతంలోంచే. ఆఫీసులో 'వెల్‌నెస్' అని ఒక ఆయన్ని పిలిపించి అందరిచేతా చేతులెత్తి గట్టిగా నవ్వించారు. ఆ పూట పెండింగు పని మర్నాడు రెట్టింపు చేయించారు. చేతిపనుల శిక్షణ ఒకచోట అడిగితే వయసు దాటిపోయిందన్నారు. హాబీ పెట్టుకోండి అనడం సులువు. ఆదివారం పూట ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారో చెప్పేవాళ్లుండరు.

మా ఇంట్లో వెలిగించినవాళ్లున్నారు. మా ఆయన, పిల్లలు, చెల్లెలు. వాళ్లకు థాంక్స్ చెబితే నవ్వుతారు కాబట్టి ఇక్కడితో సరి. (చారులో ఉప్పు ఎక్కువైంది, అది వేరే సంగతి.)

మా గురువుగారికి పాదాభివందనం. కౌన్సెలర్‌గారికి కృతజ్ఞతలు. నేను చెప్పింది నమ్మి పద్ధతి మార్చినందుకు.

పోస్టు పెట్టేద్దామనుకుంటే ఇంకా గుర్తొస్తున్నారు. కసిం కోసం తుప్పు మేకులు, పాత గొళ్లేలు ఏరి డబ్బాలో పోసిచ్చిన వెల్డింగ్ షాపు అబ్బాయి. నీళ్లు కలపని గేదెపాలు కావాలంటే ఎందుకని అడగకుండా పోసిన పాలావిడ. తడి గుడ్డ మూటతో ఎక్కితే విసుక్కోకుండా ముందు సీటు పక్కన పెట్టించిన చివరి బస్సు కండక్టరు. శనివారాలు నా కౌంటర్ చూసుకున్న మా ఆఫీసు అమ్మాయి. తల్లీ, నీ పేరు ముందే రాయాల్సింది.

అయ్యో, అసలు మనిషిని మర్చిపోయా. కౌన్సెలర్ కన్నా ముందు, ఒక రాత్రి రెండున్నరకు నేను 14416కు ఫోన్ చేశాను. టెలిమానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైను, 2022 అక్టోబరు నుంచి ఉంది, ఫోనుకు డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. అవతల ఒక కుర్ర గొంతు. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 'ఫరవాలేదండీ, నేను లైన్లోనే ఉంటాను' అన్నాడు. ఉన్నాడు. బాబూ, నువ్వెవరో, ఏ ఊళ్లో కూర్చుని ఆ ఫోనెత్తావో తెలియదు. దండం నీకు. పక్కన నిద్రపట్టనివాళ్లెవరైనా ఉంటే ఆ నంబరు రాసుకోండి.

కరక్కాయ పొడి ఇంకా అరకిలో దాకా మిగిలింది, మెత్తగా జల్లించిందే. తిరుపతిలో నేర్చుకుంటున్నవాళ్లు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాను. డబ్బా మాత్రం తిరిగి ఇవ్వాలి, అది మా చెల్లెలిది.