సిరిమానుకి కెమెరా సెట్టింగులు, చిన్నోడికి

ఒరే చిన్నోడా,

ఎలాగున్నావురా, అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? కెమెరా చేరిందని నాన్న చెప్పారు, నువ్వేమో అప్పట్నుంచి ఫోర్‌కేలో సెకనుకి అరవై ఫ్రేములా (అంటే ఫొటోలా) ముప్పయ్యా అని మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నావు. ఫోన్‌లో చెప్తే సగమే వింటావు, అందుకే కూర్చుని రాస్తున్నా, సిరిమానుకి ముందురోజు తొలేళ్ళ లోపు రెండుసార్లు చదువుకో. ఈసారి మన విజయనగరం పైడితల్లి సిరిమాను పండక్కి అమ్మ ఆ జనంలో నిలబడలేదు, నేనెలాగూ రాలేను, మా ఇద్దరికీ నువ్వు తీసిందే పండగ.

ముందు చెయ్యాల్సింది ఇది. ఆ కెమెరా ఇక్కడ న్యూజెర్సీలో కొన్నది, లోపల ఇక్కడి వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అని పెట్టి ఉంటాది, 24, 30, 60 తప్ప నీకు 25, 50 కనబడవు. మెనూలోకెళ్ళి మన దగ్గరి పద్ధతి పాల్ చేసీ, కార్డు ఫార్మాట్ చెయ్యమంటే చెయ్యి, కొత్తదే కదా. ఎందుకంటే ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనకి 50. మన ఇంట్లో ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలుగు పెరుగుతా తగ్గుతా ఉంటాది, మన కంటికి తెలీదు గానీ కెమెరా పట్టేస్తాది. షట్టర్ 1/50, అంటే ఒక్కో ఫ్రేముకి సెకనులో యాభయ్యో వంతు సేపు వెలుగు పడేలా ఉంటే, ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు వెలుగులు పడతాయి, అన్నీ ఒక్కలాగే వస్తాయి. అదే 30 ఫ్రేములు, షట్టర్ 1/60 పెట్టావనుకో, ఒక ఫ్రేములో ఎక్కువ ఇంకోదాంట్లో తక్కువ పడి వీడియో అంతా రెపరెపలాడతాది, తర్వాత ఎడిటింగ్‌లో ఎంత గింజుకున్నా పూర్తిగా పోదు. కాబట్టి 25 ఫ్రేములు, 1/50. షట్టర్ ఆటోలో మాత్రం వదలకు.

24 పెడితే సినిమా లుక్ వస్తాదన్నావు. ఆ 24 అనేది 1920ల చివర్లో మాటల సినిమాలు వచ్చినప్పుడు సౌండ్ కోసం ఖాయం చేసుకున్న లెక్క, దానికీ 25కీ తేడా నీ కంటికి ఆనదు. లుక్ అంతా లైటులోనూ షట్టర్‌లోనూ ఉంటాది.

తొలేళ్ళ రాత్రి సీరియల్ బల్బులు, ఎల్‌ఈడీ తోరణాలు ఉంటాయి కదా, వాటిల్లో చవకవి 1/50కి కూడా లొంగవు, స్క్రీన్ మీద అడ్డచారలు పాకుతుంటే షట్టర్ కొంచెం అటూ ఇటూ జరిపి చూడు, అప్పటికీ పోకపోతే ఫ్రేములో ఆ బల్బులు లేకుండా నిలబడు.

మంగళవారం మధ్యాహ్నం ఎండలో మాత్రం ఆ గొడవ లేదు. బాక్స్‌లో ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాను, లెన్సుకి నల్ల కళ్ళద్దం లాంటిది, అది తగిలిస్తే ఎండలో కూడా 1/50 నిలబడతాది. మాను, అదే చివర కుర్చీ కట్టిన ఆ పొడవాటి చెట్టు మాను, మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట వైపు కదిలినప్పుడు కెమెరా గబగబా తిప్పకు, 25లో జెర్కులు కనబడతాయి, మానుతో పాటే మెల్లగా తిప్పు. చివర కుర్చీలో పూజారి గారు ఊగుతా వస్తుంటే జనం అరటిపళ్ళు విసురుతారు చూడు, అది మాత్రం ఫుల్ హెచ్‌డీ 50 ఫ్రేముల్లో, 1/100తో తియ్యి. ఎడిటింగ్‌లో 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పెడితే సగం స్పీడ్ అవుతాది, పండు గాల్లో తిరుగుతా వెళ్ళడం, వెనకాల జనం చేతులు లేవడం అన్నీ కనబడతాయి. నాకు బాగా చూడాలనుంది అది. మొత్తం పండగంతా స్లోమోషన్ చేసీకు, డప్పుల సౌండ్ పోతాది.

ఇక ఫార్మాట్. వీడియోని కుదించే పద్ధతుల్లో హెచ్ 265కి సైజు తక్కువ, నిజమే, కానీ నీ పాత లాప్‌టాప్‌లో టైమ్‌లైన్ కదలదు, హెచ్ 264లోనే తియ్యి. ఫోర్‌కే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు, గంటకి 45 జీబీ, నేను పంపిన 128 జీబీ కార్డులో రెండున్నర గంటల పైనే పడతాది, మాను మూడుసార్లు తిరుగుతాది కాబట్టి మాను ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వచ్చేటప్పుడు ఆన్ చేసి మధ్యలో ఆపుకుంటా ఉండు. ఇంకో కార్డు కొంటే మీద వీ30 అని స్పీడు గుర్తు ఉందో లేదో చూసి కొను. తర్వాత రంగులు దిద్దుకోడానికి వెలిసినట్టు తీసే లాగ్ ప్రొఫైల్ జోలికి వెళ్ళకు, ఇది రంగుల మెట్లు తక్కువుండే 8 బిట్ కెమెరా, తర్వాత రంగులు సాగదీస్తే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలొస్తాయి.

అమ్మ టీవీలోనే చూస్తాది కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వెయ్యాలి, ఆ పాత టీవీకి పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటేనే ఖాయంగా తెలుస్తాది, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, ముక్కలు చేసి వెయ్యి. ఒరిజినల్స్ హార్డ్‌డిస్క్‌లో ఒకటి, బావ దగ్గర ఒకటి ఉంచి, అప్పుడే కార్డు చెరుపు.

ఇవాళ రాత్రే హాల్లో ట్యూబ్‌లైటు కింద ఇప్పుడున్న 30లో 1/60తో ఒకటి తీసి, పాల్ చేశాక 25లో 1/50తో ఇంకోటి తీసి రెండూ నాకు పంపు. కార్డు ఫార్మాట్ అడుగుతాది గనక మొదటిది ముందే కాపీ చేసుకో.

మీ అన్నియ్య