నచ్చిన కథ గురించి కథకులు ఏం రాయాలి?

సంపాదకుడు గారికి,

సాహిత్య పేజీల్లో కథకుల చేత తమకు నచ్చిన కథ గురించి రాయించడం మంచి ఆనవాయితీ. కథ రాసే మనిషి ఇంకొకరి కథను చదివేటప్పుడు విమర్శకుడి కంటికి ఆననివి కొన్ని పట్టుకుంటాడు. అందుకే ఆ వ్యాసాల కోసం పాఠకులు ఎదురుచూస్తారు. కానీ అచ్చవుతున్న వాటిలో చాలావరకు ఒకే మూసలో ఉంటున్నాయి. రచయిత పుట్టిన ఊరు, అందుకున్న బహుమతులు, సగానికి పైగా కథా సారాంశం, చివర ‘గుండెను పిండేసింది’ అన్న మాట. కథ చదివినవాళ్లకు అందులో కొత్త సంగతి దొరకదు. చదవనివాళ్లకు ఇక చదవక్కర్లేదనిపిస్తుంది.

పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’నే తీసుకోండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చిందని అందరూ రాస్తారు. తుఫాను ముదిరే ముందు రైలు పెట్టెలో రచయిత మనల్ని ఎందుకంతసేపు కూర్చోబెట్టాడో, కథలో ముఖ్యపాత్ర రావుగారి నియమాలూ అలవాట్లూ అంత ఓపిగ్గా ఎందుకు పేర్చాడో రాసేవాళ్లు తక్కువ. ఆ భాగం కుదించి చూడండి, గాలివాన వట్టి వాతావరణ వర్ణన అయిపోతుంది. ఆ చీకట్లో ముష్టిమనిషి పక్కన మిగిలిన రావుగారు ఏమేం పోగొట్టుకున్నారో మనకు తెలియకుండా పోతుంది.

కథకులు చూపించాల్సింది ఇలాంటి నిర్ణయాలనే. గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’లో ఒకటి చూద్దాం. గోపాలరావు అర్ధరాత్రి దాటాక వచ్చి తలుపు తడతాడు. అతను సానిదాని పాట విని వస్తున్నాడని మనకు తెలిసేలోపే గడియారం ఒంటిగంట కొడుతుంది. భార్య కమలిని వెళ్లిపోయినట్టు ఉత్తరం పెట్టి ఉంటుంది. ఆ ఉత్తరం ‘అయ్యా’ అని మొదలవుతుంది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ దగ్గరికి వచ్చిందా అని అతను వాపోతుంటే, నౌకరు రాముడు ‘ప్రియా’ను పెయ్యగా విని, ఆవుదూడ పోయిందనుకుని ‘పెయ్య పోయిందా బాబూ’ అంటాడు. సారాంశం రాసేవాళ్లు దీన్ని హాస్యమని ఒక్క మాటతో దాటేస్తారు. కథకుడు ఇక్కడ ఆగి, అసలు రాముడు ఆ గదిలో ఎందుకున్నాడని అడగాలి. అతను లేకపోతే గోపాలరావు పశ్చాత్తాపమంతా మనసులోనే ఉండిపోయేది. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు కాబట్టి అన్నీ పైకి అన్నాడు. పైకి అన్నాడు కాబట్టే మంచం కింద దాక్కున్న కమలిని వినగలిగింది. రాముడి పాత్ర తీసేస్తే ముగింపు కూలిపోతుంది. ఈపాటి పరిశీలన ఒక్కటున్నా వ్యాసం నిలబడుతుంది, కథ రాయడం నేర్చుకునేవాళ్లకు పనికొస్తుంది.

ఇదే కథతో ఇంకో చిక్కుంది. 1910 ఫిబ్రవరి ‘ఆంధ్రభారతి’లో అచ్చైన పాఠం వేరు, తర్వాతి కాలంలో బాగా చలామణీ అయిన పాఠం వేరు. తర్వాతి దానిలో కథనపు భాషను వాడుక వైపు మార్చారు. ఏది ముందు పెట్టుకున్నారో చూసుకోకుండా గురజాడ వాక్య నిర్మాణాన్ని మెచ్చుకుంటే ఇంకెవరి వాక్యాన్నో ఆయన ఖాతాలో వేసినట్టే. దీన్ని ‘తొలి తెలుగు కథ’ అని రాసే ముందు భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’లో వచ్చిందన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

సంవత్సరాల దగ్గర తప్పు దొర్లేది ఎక్కువగా ఒకే కారణం వల్ల. చేతిలో ఉన్న సంపుటి మీది ఏడాదినే కథ పుట్టిన ఏడాదిగా వేసేస్తారు. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ 1964 నాటిది. ఆ కథ ఉన్న సంపుటి ‘యజ్ఞంతో తొమ్మిది’కి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది 1995లో. ఈ రెండింటికీ నడుమ ముప్ఫై ఏళ్ల పైచిలుకు తేడా. 1964 నాటి పల్లెలో అప్పూ పంచాయితీ ఎలా నడిచాయో ఆ కథలో ఉంది కాబట్టి ఏడాది మారితే అర్థమూ మారుతుంది. తేదీ సరిచూసుకోవడానికి రామారావు గారే 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. దాని వెబ్‌సైట్‌లో వేల కథలు మొదట అచ్చైన పత్రిక, తేదీ వివరాలతో దొరుకుతాయి. పది నిమిషాల పని.

అందుచేత ప్రతి వ్యాసం కింద చిన్న పెట్టె కట్టి నాలుగు వివరాలు ఇవ్వండి: కథ మొదట వచ్చిన పత్రిక, నెల, సంవత్సరం, ఇప్పుడు ఏ సంపుటిలో దొరుకుతుంది. వ్యాసం 700 మాటలైతే సారాంశానికి 100 మించనివ్వకండి. కథలోంచి కనీసం 40 మాటలు అక్షరం మారకుండా ఎత్తి చూపమనండి. చాసో (చాగంటి సోమయాజులు) ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ గురించి రాస్తూ ఆ పిల్లవాడి మాట ఒక్కటీ వినిపించని వ్యాసం వల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది? విమర్శ కోసం కొంత భాగం ఉదహరించడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది, కాబట్టి జంకక్కర్లేదు.

ముగింపు చెప్పొచ్చా అన్నది ప్రతిసారీ వచ్చే ప్రశ్న. ‘యజ్ఞం’ లాంటి కథల గురించి ముగింపు ఎత్తకుండా మాట్లాడలేం, ఆ ముగింపు మీదే ఏళ్ల తరబడి వాదన నడిచింది. అలాంటప్పుడు వ్యాసం నెత్తిన ఒక్క లైనులో హెచ్చరిస్తే సరిపోతుంది. ఈమధ్యే వచ్చిన కథల ముగింపు మాత్రం బయటపెట్టొద్దు. అసలు కొత్త పుస్తకం ఆవిష్కరణ వారంలో మిత్రుడి కథను ‘నచ్చిన కథ’గా రాసే పద్ధతిని ఒప్పుకోకండి. అది ప్రచారం. దానికి వేరే చోటుంది.

చివరగా ఒక విన్నపం. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది. అచ్చమాంబ, గురజాడ కథలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. 1961లో మరణించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలకు 2021తో తీరింది. ఇలాంటివారి కథ మీద వ్యాసం వేసినప్పుడు పక్కనే కథ కూడా వేయండి. ‘దిద్దుబాటు’ అనుబంధంలో ఒక్క పేజీలో పట్టేస్తుంది. శ్రీపాద వారివి పెద్ద కథలు. వాటిని వారానికి కొంత చొప్పున వేసి, వ్యాసాన్ని ఆఖరి వారానికి ఉంచండి. కాపీరైటు ఉన్నవారి విషయంలో వారసులకు ఉత్తరం రాసి అనుమతి అడగడం మీ కార్యాలయానికి పెద్ద పని కాదు.

ఇట్లు,
ఒక కథా పాఠకుడు,
విజయనగరం