ఈ ఏడాది విమానాల క్లబ్బు సామాను గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆరు, ఏడు తరగతుల విమాన నమూనాల క్లబ్బుకి ఈసారి సామాను ఆన్‌లైన్‌లో తెప్పించడం లేదు. ఎస్పీ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక చిన్న కొట్టులో కొంటున్నాం. ఒక్కొక్కరికి 350 రూపాయలు అవుతుంది. పోయినేడు 290 కదా, అరవై ఎందుకు పెరిగిందని ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేశారు. అందుకే ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పోయినేడు ఏం జరిగిందో మీ పిల్లలు చెప్పే ఉంటారు. వచ్చిన కిట్లలో కొన్నిటికి రెక్కలు వంకరపోయి ఉన్నాయి. మిగతావి చూడ్డానికి బాగానే ఉన్నా, విసిరితే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, తోక మీద కూలబడ్డాయి. ముక్కుకి మట్టిముద్ద పెట్టి సరిచేస్తే బరువెక్కి రాయిలా దిగాయి. అతికించడంలో తామే తప్పు చేశామనుకున్నారు పిల్లలు. నేనూ అలాగే అనుకున్నాను. విరిగిన విమానం ఒకటి పట్టుకుని ఈ కొట్టుకి వెళ్ళాకే అసలు సంగతి తెలిసింది.

కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తోక ముక్క ఊడదీసి, బంగారం తూచేలాంటి చిన్న కాటాలో పెట్టాడు. "చెక్క మంచిదే మేడమ్, కానీ తోకకి పెట్టే చెక్క కాదిది" అన్నాడు. అటక మీంచి రెండు బాల్సా పలకలు దించాడు. రెండూ మూడు మిల్లీమీటర్ల మందం, నాలుగంగుళాల వెడల్పు, మూడడుగుల పొడవు. ఒకటి 30 గ్రాములు తూగింది, రెండోది 52.

బాల్సా మన బూరుగు చెట్టుకి చుట్టం. ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. తొందరగా పెరిగే చెట్టు, ఆరేడేళ్ళకే కొట్టేస్తారు. అన్ని చెట్లూ ఒకేలా పెరగవు కాబట్టి ఒకే కొలత పలకల్లో కూడా బరువు ఇంత తేడాగా ఉంటుంది. తేలికది తోకకి, బరువుగా గట్టిగా ఉన్నది రెక్క మధ్యలో వేసే బద్దకి వాడాలట. విమానం బరువు సరిగ్గా తూగే చోటు నుంచి తోక దూరంగా ఉంటుంది, ముక్కు దగ్గరగా ఉంటుంది. అందుకే తోకలో రెండు గ్రాములు పెరిగితే ముక్కులో అంతకు రెండు మూడు రెట్లు పెట్టాల్సి వస్తుంది. మన 36 మందికీ పలకలన్నీ ఆయనే తూచి, పెన్సిల్‌తో బరువు రాసి, విడివిడిగా కట్టి ఇస్తున్నాడు. అరవై రూపాయలూ దీనికే. బేరం ఆడాను, తగ్గలేదు.

మీలో కొందరు మోటార్లు, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు పెట్టించమన్నారు. అవీ అడిగాను. "ఎన్నో క్లాసు పిల్లలు?" అన్నాడు. చెప్పాను. "అప్పుడే ఎందుకు మేడమ్, ముందు రబ్బరుతో ఎగరేయనీండి" అన్నాడు. అమ్ముకునేవాడే వద్దనడం నాకు కొత్త. లైపో సెల్లుని 4.2 వోల్టులు దాటి ఛార్జ్ చేయకూడదు, 3 కంటే కిందికి దిగనివ్వకూడదు. దెబ్బ తగిలి ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జింగ్‌కి పెడితే అంటుకోవచ్చు. రాత్రి ఏదో ఒకటి ఛార్జింగ్‌కి పెట్టి నిద్రపోయే ఇళ్ళు మనవి, మా ఇల్లూ అంతే. కాబట్టి ఈ ఏడు ప్రొపెల్లర్‌ని తిప్పేది మెలితిప్పిన రబ్బరే. దాన్ని చిన్నచూపు చూడకండి. 1871లో పారిస్‌లో ఆల్ఫోన్స్ పెనో అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు మెలితిప్పిన రబ్బరుతోనే బుల్లి విమానాన్ని 11 సెకన్లు ఎగరేశాడు. మన పిల్లలు ప్రస్తుతానికి 8 అనుకుంటున్నారు.

చేత్తో రాసిన బిల్లు చూసి మా అకౌంట్స్ వాళ్ళు మొహం చిట్లించారు. మూడు కొటేషన్లు కావాలన్నారు, తెచ్చాం. మిగతా రెండు చోట్లా చెక్క తూచి ఇస్తామన్నవాళ్ళు లేరు.

ఇబ్బందీ ఉంది. ఒక్కడే నడుపుకునే కొట్టు. ఒక మిల్లీమీటరు పలకలు ఆయనకింకా రాలేదు, మనకి వారం ఆలస్యం కావచ్చు. ఆయనకి ఫోన్ చేసి తొందరపెట్టకండి, ఆ పని నేను చేస్తూనే ఉన్నాను. విడిగా కొనుక్కోవాలంటే కారులో మాత్రం వెళ్ళకండి. మెట్రోలో వెళ్ళి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్‌పేటలో దిగి నడవండి. ఆదివారం కొట్టు మూసి ఉంటుంది.

జిగురుకి ఫెవికాల్ చాలు, మేమే ఇస్తాం. సూపర్ గ్లూ ఇంటి నుంచి పంపొద్దు. నూలు గుడ్డ మీద ఒలికితే అది వేడెక్కుతుంది. పోయినేడు ఒకబ్బాయికి ప్యాంటు మీద పడి తొడ చురుక్కుమంది. పెద్ద దెబ్బేం కాదు గానీ వాళ్ళమ్మకి నేను సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఎగరేసేది వచ్చే నెల మూడో శనివారం, గాలి లేవకముందే, పొద్దున 7 గంటలకి మన మైదానంలో. ఆ రోజు విమానాన్ని అట్టపెట్టెలో పెట్టి పంపండి, స్కూలు బ్యాగులో వద్దు. టిఫిన్ డబ్బా కింద నలిగిన రెక్కకి అతుకు వేసే ఓపిక మా సైన్స్ టీచర్‌కి ఉంది, ఆ పొద్దున్న టైమే ఉండదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
బెంగళూరు